పులిరాజాకు ఆ తర్వాత ఏమైంది?

2003 ప్రాంతంలో మన రాష్ట్రమంతటా, అప్పటికింకా ఉమ్మడి రాష్ట్రమే, గోడల మీదా హోర్డింగుల మీదా ఒకే ఒక ప్రశ్న కనిపించేది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని. అధ్యాపక మిత్రులకూ పూర్వ విద్యార్థులకూ అది గుర్తుండే వుంటుంది. ఇప్పటి విద్యార్థి మిత్రుల్లో చాలామంది అప్పటికి పుట్టనైనా లేదు. మేం ఆ ప్రకటన చూసి నవ్వుకున్నాం. కాస్త తిరుగుబోతనిపించిన ప్రతివాడికీ ఆ పేరు తగిలించాం. ఖమ్మం బస్టాండులో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని "ఏం పులిరాజా" అని పిలవని రోజు వుండేది కాదు.

ప్రచారంగా అది గొప్పదే, కాదనను. అయితే ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. వస్తుందా రాదా అని అడిగినవాళ్లు, వచ్చిందనుకోండి ఆ తర్వాత ఏమవుతుందని అడగలేదు. ఆ పులిరాజా ఇప్పుడు బతికున్నాడా? భార్య వుందా? పిల్లలు కాలేజీకి వెళ్తున్నారా? ఇన్నేళ్లయినా మన కాలేజీల్లో డిసెంబరు ఒకటిన జరిగే ర్యాలీలు కూడా "ఎలా వస్తుంది, ఎలా రాదు" అన్న పాఠం దగ్గరే నిలబడిపోయాయి. నేను ఈ కళాశాలలోనే జంతుశాస్త్రం చదువుకుని, ఇప్పుడు భద్రాచలం ఏజెన్సీలో పిల్లలకు అదే పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. వచ్చిన తర్వాతి సంగతి తెలియకపోవడం వల్ల మా ప్రాంతంలో జరుగుతున్న అన్యాయం నా కళ్లముందున్నది గనుక ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందు కొంచెం శాస్త్రం. చదివేవారు విసుక్కోవద్దు, ఆ తర్వాతి గొడవంతా దీని మీదే ఆధారపడి వుంది.

హెచ్.ఐ.వి. ఒంట్లో చేరిన మొదటి కొద్ది వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. తర్వాత శరీరం తిరగబడి దాన్ని కొంత దించుతుంది. కొన్ని నెలలకు ఆ పెనుగులాట ఒక మట్టం దగ్గర నిలుస్తుంది. ఒక మిల్లీలీటరు రక్తరసంలో ఎన్ని వైరస్ కాపీలున్నాయో లెక్కపెట్టి చెప్పేదే వైరల్ లోడ్. మందు లేకుండా ఆ మట్టం ఒకరిలో వందల్లో వుండొచ్చు, మరొకరిలో లక్షల్లో. ఇక మన రక్షణ కణాలు ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క సీడీ4.

గోదావరి ఒడ్డువాళ్లకు దీన్ని వేరే విడమర్చి చెప్పనక్కర లేదు. కరకట్ట ఎంత మిగిలిందో చెప్పేది సీడీ4. ఏరు ఎంత ఉధృతంగా కోస్తున్నదో చెప్పేది వైరల్ లోడ్. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇంట్లోకి నీళ్లొచ్చాక సామాను సర్దుకుందామనేవాడు మా దగ్గర ఒక్కడూ లేడు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన జనం మేము. ఆకాశం తెరిపిగా వుందా లేదా అని చూడం, గేజి ఎంతన్నదని అడుగుతాం. పైన ఎండ కాస్తుండగానే ఎగువ నీళ్లు వచ్చి ముంచిన రోజులు మాకు తెలుసు.

(ఆ 1986లోనే మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి బయటపడింది. దాన్ని బయటపెట్టింది మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పి.జి. చేస్తున్న సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని, ఆమెకు దారి చూపిన గురువు డాక్టర్ సునీతి సాలమన్. పి.జి. థీసిస్ అంటే అట్టలేసి బీరువాలో పెట్టుకునేదని అనుకునే మిత్రులు ఈ సంగతి గమనించాలి.)

మందు లేకపోతే హెచ్.ఐ.వి. నుంచి ఎయిడ్స్ దాకా రావడానికి సగటున ఎనిమిది పదేళ్లు పడుతుంది. సగటు అన్నాను. కొందరు రెండు మూడేళ్లకే మంచాన పడతారు. కొందరు పన్నెండు, పదిహేనేళ్లు, ఇంకా పైన కూడా దుక్కలా తిరుగుతారు. నూటికి ఒకరికంటే తక్కువమందిలో అయితే ఏ మందూ లేకుండానే వైరస్ లెక్కకు అందనంత అడుగుకు పోయి వుంటుంది. ఎందుకిలా? కొందరికి పుట్టుకతో వచ్చిన కణజాల రకం, శాస్త్రజ్ఞులు హెచ్.ఎల్.ఎ.-బి57, బి27 అనేవి, వైరస్‌ను బాగా పట్టి ఇస్తుంది. కొన్నిచోట్ల వైరసే అవిటిది. పిట్స్‌బర్గ్‌లోని జాన్ మెల్లర్స్ బృందం 1996, 97లలో వెల్లడించిన లెక్కలు చూడండి. వైరల్ లోడ్ అన్నిటికన్నా ఎక్కువున్న వర్గంలో ఆరేళ్లలో పదింట ఏడుగురు ఎయిడ్స్‌తో చనిపోయారు. అన్నిటికన్నా తక్కువున్న వర్గంలో నూటికి ఒక్కరు. చూడటానికి మొదట అందరూ ఆరోగ్యంగా వున్నవాళ్లే!

మరి ఆ నెమ్మది సంవత్సరాల్లో వైరస్ పడుకుని వుంటుందా? చాలాకాలం అలాగే అనుకున్నారు. 1995, 96లలో డేవిడ్ హో, పెరెల్సన్ మొదలైనవారు లెక్కవేసి చూస్తే రోజుకు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయని తేలింది. పుట్టేవి పుడుతుంటే చచ్చేవి చస్తున్నాయి. బయటికి మాత్రం మనిషి టీ తాగుతూ పేపరు చదువుతూ వుంటాడు.

ఇక మా వైపు సంగతికి వస్తాను. పేర్లు చెప్పను. 2017లో చేసిన హెచ్.ఐ.వి. ఎయిడ్స్ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో వున్నది, ఎవరి సంగతీ వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టవద్దంటుంది. చట్టం చెప్పకపోయినా పెట్టేవాణ్ణి కాదు. వాళ్లిద్దరి అనుమతితోనే, వూరూ ఆనవాళ్లూ మార్చి రాస్తున్నాను.

ఆయన లారీ డ్రైవరు. మిర్చి సీజనులో ఖమ్మం మార్కెట్టుకూ, మిగతా రోజుల్లో చింతూరు మీదుగా కుంట వైపుకూ బండి తోలేవాడు. 2006లో భార్య గర్భవతిగా వున్నప్పుడు చేసిన పరీక్షలో ఆమెకు పాజిటివ్ అన్నారు. తర్వాత ఆయనకూ అదే వచ్చింది. బిడ్డకు మాత్రం సోకలేదు. ఒకే ఇల్లు, ఒకే కుండలో కూడు. అయినా మూడేళ్లు తిరిగేసరికి ఆమె చిక్కి సగమైంది, నోటి పూత, విడవని జ్వరం. 2009లో మందులు మొదలుపెట్టారు. ఆయన మాత్రం రాయిలా వున్నాడు. సీడీ4 లెక్క ఎక్కువే వుంది గనుక అప్పటి నియమాల ప్రకారం మందు అవసరం లేదన్నారు.

వూరు ఏమనుకున్నది? "ఆయన గట్టిగనే వున్నడు గదా, రోగం ఆమెదే. ఆమె తెచ్చి ఆయనకు అంటిచ్చింది." ఈ మాట అన్నది చదువురానివాళ్లే అనుకునేరు. పంచాయతీ మెట్ల మీద కూర్చుని పేపరు చదివేవాళ్లే అన్నారు. అత్తగారు ఆమె కంచం వేరు పెట్టింది. ముందు ఎవరు పడిపోతే తప్పు వాళ్లదన్న తీర్పు! ఒంట్లో ముందుగా ఎవరు చిక్కారన్నది కణజాల రకం మీదా, వైరల్ లోడ్ మట్టం మీదా, మధ్యలో వచ్చిన ఇతర జబ్బుల మీదా ఆధారపడే విషయం. ఎవరి నుంచి ఎవరికి సోకిందో దాన్నిబట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు. నెమ్మదిగా ముదరడం శీలానికి సర్టిఫికెట్టు కాదు, త్వరగా ముదరడం నేరానికి రుజువూ కాదు. అయినా ఏజెన్సీలోనే గాదు, ఖమ్మం టౌనులో కూడా ఎందరు ఆడవాళ్లు ఈ తప్పుడు లెక్కకు పుట్టింటికి వెళ్లగొట్టబడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు.

అన్యాయం అక్కడితో అయిపోలేదు. ఆయన్ను ఒక వేరుమందు ఇచ్చే మనిషి పట్టుకున్నాడు. అడవి మందులన్నిటినీ నేను తీసిపారేసేవాణ్ణి కాదు, మా ఏజెన్సీ మనుషులకు చెట్టూ చేమా మీద వున్న జ్ఞానం నాకు తెలుసు. ఇతగాడు ఆ కోవకు చెందినవాడు కాదు, సీసాల మీద కంప్యూటరు లేబుళ్లు అంటించి అమ్మే రకం. నెలకు ఇంతని తీసుకుని, వచ్చిన ప్రతివాడికీ డ్రైవరును చూపించేవాడు: "చూడు, పదేండ్లయింది, ఒక్క గోళీ మింగలేదు, నా మందుతోనే బతుకుతున్నడు." నిజానికి ఆ పదేళ్లూ డ్రైవరును నిలబెట్టింది ఆయన సొంత రక్తమే. పేరు సీసాకు పోయింది. నెమ్మదిగా ముదిరే మనిషి ప్రతి వూళ్లోనూ ఇద్దరు ముగ్గురు వుంటారు గనుక ఇలాంటి వైద్యులకు సాక్షులకు కొదవుండదు. చచ్చినవాడు వచ్చి సాక్ష్యం చెప్పలేడు గదా. ఆ డ్రైవరును చూసే పక్కవూరి కుర్రాడొకడు సర్కారు మందు మానేసి సీసా పట్టాడు. ఏడాదిన్నర తిరక్కుండానే క్షయతో పోయాడు. అతని వైరల్ లోడ్ ఎంతో, డ్రైవరుది ఎంతో పక్కపక్కన పెట్టి చూపించగలిగినవాడు అప్పుడు మా ప్రాంతంలో ఒక్కడుంటే ఆ కుర్రాడు ఆ పని చేసేవాడా?

మందు మానితే ఏమవుతుందో ప్రపంచం డబ్బు ఖర్చుపెట్టి తెలుసుకున్నది. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెడదామని 5,472 మంది మీద చేసిన స్మార్ట్ పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపినవారిలో జబ్బూ చావూ రెండింతలు మించాయి. సీడీ4 అయిదు వందలకు పైగా వుండి, మందు అక్కర్లేదనిపించేవాళ్లకు కూడా వెంటనే మొదలుపెడితే ఎలా వుంటుందని 35 దేశాల్లో 4,685 మందిని చూసిన స్టార్ట్ పరిశోధన 2015లో వచ్చింది. ముందే మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు సగానికి పైగా తగ్గాయి. దాంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరం, మన దేశం 2017లో, సీడీ4 ఎంతున్నా సరే పాజిటివ్ అయిన ప్రతివారికీ మందు ఇవ్వాలన్నాయి.

ఆస్ట్రేలియాలో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. సిడ్నీలో 1980ల మొదట్లో ఒక దాత ఇచ్చిన రక్తం వల్ల ఎనిమిది మందికి హెచ్.ఐ.వి. సోకింది. వాళ్లలో జబ్బు ముదరకుండా ఏళ్లు గడిచాయి. వెతికితే వాళ్ల వైరస్‌లో నెఫ్ అనే జన్యువు తెగిపోయి వుంది. 1995లో ఆ వార్త వస్తే టీకా దొరికినట్టేనని కొందరు సంబరపడ్డారు. 1999 నాటికి ఆ దాతతో సహా కొందరిలో సీడీ4 పడిపోవడం మొదలైంది. అవిటి వైరస్ కూడా గట్టును కోస్తూనే వున్నదన్నమాట, కాకపోతే నెమ్మదిగా.

మా డ్రైవరుకు ఆ కోత 2018 వానాకాలంలో బయటపడింది. 2017లో నియమం మారినప్పుడు పిలిచి చెబితే "నాకేమైంది సారూ? లోడు తక్కువుంటే బండి ఎంత దూరమైనా పోతది" అని నవ్వాడు. తన లోడు ఎంతో ఆయనకు తెలియదు, ఎవరూ చూడనూ లేదు. ఆ ఆగస్టులో మెదడుకెక్కే రకం మలేరియా, ఫాల్సిపారం, పట్టుకుంది. మా ఏజెన్సీలో అది కొత్త కాదు. అయితే మలేరియాకూ దీనికీ ఒక లంకె వుంది. ఆఫ్రికాలోని మలావీలో చేసి 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మలేరియా వచ్చినప్పుడు హెచ్.ఐ.వి. వున్నవారి వైరల్ లోడ్ దాదాపు రెండింతలవుతుంది, జ్వరం తగ్గాక కొన్ని వారాలకు మళ్లీ దిగుతుంది. ప్రతి వానాకాలం జ్వరాలతో మూలిగే భద్రాచలం మన్యంలో "నెమ్మది మనిషి" అన్న మాటకు ఎంత విలువుందో వేరే చెప్పాలా? ఆయన లేచి కూర్చునేసరికి సీడీ4 రెండు వందల దిగువకు పోయింది. ఇప్పుడు మందు వాడుతున్నాడు, బాగానే వున్నాడు. ముందు మంచాన పడ్డ ఆ ఇల్లాలు అంతకు తొమ్మిదేళ్ల ముందు నుంచీ మందు మీద వుండి, వరి నాట్లకు పోతూ, ఆ ఇంటిని నడుపుతూ వున్నది. పరీక్షలో ఆమె వైరస్ లెక్కకు అందడం లేదు.

లెక్కకు అందకపోవడమంటే ఎంతటి మాటో మన విద్యావంతులకు కూడా తెలియదు. ఒకరికి వుండి మరొకరికి లేని 888 జంటలను గమనించిన పార్టనర్ పరిశోధన 2016లో వెలువడింది. మందుతో వైరల్ లోడ్ రెండు వందల లోపుకు దిగినవారి నుంచి భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటీ లేదు. తొడుగు వాడకుండా కూడా! 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే చెప్పింది: వైరస్ పరీక్షకు అందనంత తగ్గితే శృంగారం ద్వారా ఎదుటివారికి సోకే ప్రమాదం సున్నా. అంటే కంచం వేరు పెట్టిన ఆ అత్తగారికి మొదటి నుంచీ ఏ ప్రమాదమూ లేదు, మందు పనిచేశాక మొగుడికైనా ఆమె నుంచి వచ్చేదేమీ లేదు.

మందు ఎక్కడిది? 2001లో సిప్లా సంస్థ యూసుఫ్ హమీద్ రోజుకు ఒక డాలరుకే ఇస్తానని ముందుకొచ్చాక ధరలు నేలకు దిగాయి. మన హైదరాబాదు కంపెనీలు హెటిరో, అరబిందో చేసే మందు ఆఫ్రికా దాకా పోతుంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. దేశంలో పాతిక లక్షల మందికి ఈ వైరస్ వుంటే, పెద్దవాళ్లలో దాని పాలు తెలంగాణలో, ఆంధ్రలో దేశపు సగటుకు రెండింతలకు పైనే. మందు కొరత అంటే నేనొప్పను. కొరత అంకెకు. మందు మీద వున్న ప్రతివారికీ ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఒకసారి వైరల్ లోడ్ చూడాలని 2018లో దేశవ్యాప్తంగా మొదలుపెట్టారు. నియమం మంచిదే. రక్తం తీశాక గంటల్లో రసం వేరుచేసి, చల్లగా వుంచి, లేబొరేటరీకి పంపాలి. ఖమ్మంలో వుండేవాడికి అది ఒక పూట పని. అడవి లోపలి గూడెంవాడికి రెండు రోజుల కూలి, బస్సు చార్జీ, పైగా "ఎక్కడికి పోతున్నవ్?" అన్న ప్రశ్న.

దీనికి తోడు సరిహద్దుల గొడవ. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కుంట చేరితే ఛత్తీస్‌గఢ్. జబ్బుపడ్డవాడికి మాత్రం ఇప్పటికీ దగ్గరి పట్నం భద్రాచలమే. మనిషి ఒకడు, రాష్ట్రాలు మూడు, ఫైళ్లు మూడు. మిర్చి ఏరడానికి వచ్చే కూలి మనిషి ఫైలు ఏ గట్టున వుండాలి?

నా అభిప్రాయంలో దీనికి కోట్లేమీ అక్కర్లేదు. క్షయ పరీక్షకు వాడే సీబీనాట్ యంత్రం మీదనే కార్ట్రిడ్జి మార్చి వైరల్ లోడ్ చూడొచ్చు. రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి పంపే పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది. కోవిడ్ రోజుల్లో ఒకేసారి రెండు మూడు నెలల మందు చేతికిచ్చారు, ఆకాశమేమీ విరిగి పడలేదు. అడవి అంచు మనిషికి అదే పద్ధతి ఎల్లకాలం ఎందుకుండకూడదు? ఫలితం వచ్చాక ఆ అంకెను మనిషి చేతిలో పెట్టి, అర్థం చెప్పి పంపాలి. "మంచిగనే వుంది, పో" అనడం చాలదు.

చివరికి మన సంగతి. ఇరవై ఏళ్ల కింద తల్లి నుంచి సోకి పుట్టి, మందుతో పెరిగిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ, పి.జి. తరగతుల్లో వున్నారు. నా తరగతిలో వుండొచ్చు, మీ హాస్టలు గదిలో వుండొచ్చు. రాత్రి పూట గోళీని విటమిన్ డబ్బాలోకి మార్చుకుని, లైటు ఆర్పాక మింగేవాళ్లు వాళ్లు. ఎవరో చూస్తారన్న భయంతో నాలుగు రోజులు మానేస్తే, నెల మానేస్తే, ఒళ్లు ఏమీ చెప్పదు. ఆటలాడతారు, పరీక్ష రాస్తారు. లోపల గేజి మాత్రం ఎక్కుతూ వుంటుంది. వాళ్లను ఎవరూ వెతకవద్దు, అడగవద్దు. చట్టప్రకారం చదువులోనూ హాస్టల్లోనూ వాళ్లపట్ల వివక్ష చూపరాదు. మనం చేయగలిగిందల్లా ఆ డబ్బా మార్చే అవసరం లేకుండా చేయడమే.

అందుకే విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. ఈ డిసెంబరు ర్యాలీకి రెడ్ రిబ్బన్ క్లబ్బు అచ్చువేసే కరపత్రంలో పుర్రె బొమ్మ తీసేయండి. ఎలా వస్తుందన్నది రెండు వాక్యాల్లో ముగించి, మిగిలిన పేజీ అంతా వైరల్ లోడ్ గురించి రాయండి. గేజి అంకెలతో పోల్చి రాస్తే మా వైపు పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. తెలుగు చదవలేని గూడేలకు ఆ కాగితం పనికిరాదు గనుక ఎవరైనా వెళ్లి కోయ భాషలో చెప్పాలి. అలా చెప్పగలవాళ్లు మన హాస్టల్లోనే వున్నారు, సంక్రాంతి సెలవులకు ఎలాగూ ఇళ్లకు వెళ్తారు.